వరంగల్ ప్రాంతంలో స్థానిక ఎన్నికల చట్టాలు, ఓటింగ్ విధానాలు

వరంగల్‌తో సహా తెలంగాణ అంతటా లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు పార్లమెంటు చేసిన చట్టాల ప్రకారం, భారత ఎన్నికల సంఘం అధీనంలో జరుగుతాయి. రాష్ట్ర శాసనసభ పోలింగ్ పద్ధతిని తీర్చిదిద్దగలిగింది ప్రధానంగా పంచాయతీలు, మండల, జిల్లా పరిషత్తులు, పురపాలక సంస్థల ఎన్నికల్లోనే. అందువల్ల ఓటు భద్రతకు సంబంధించిన రాష్ట్ర శాసనాల చరిత్ర చాలావరకు స్థానిక సంస్థల చరిత్రతో కలిసిపోయి ఉంది.

కాకతీయుల కాలం నుంచి నిజాం పాలన ముగిసేదాకా సార్వత్రిక వయోజన ఓటు లేదు. వరంగల్ ప్రజలు ఆ హక్కును తొలిసారి వినియోగించుకున్నది 1952 సార్వత్రిక ఎన్నికల్లో. అప్పట్లో ప్రతి అభ్యర్థికి ఒక ప్రత్యేక పెట్టె, దానిపై అతని గుర్తు ఉండేవి. ఓటరు చాటుకు వెళ్లి, తనకిచ్చిన పత్రంపై ఏ గుర్తూ పెట్టకుండానే నచ్చిన పెట్టెలో వేసి వచ్చేవాడు. చదువురానివారికి ఇది ఎంతో సులువైన పద్ధతే అయినా, పత్రాన్ని పెట్టెలో వేయకుండా బయటికి తెచ్చి అమ్ముకునే వీలుండటం దీని పెద్ద లోపం. దేశవ్యాప్తంగా ఆమోదం పొందిన ఉక్కు పెట్టెల నమూనాల్లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థది ఒకటి. పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ తరఫున పెండ్యాల రాఘవరావు వరంగల్ లోక్‌సభ స్థానంతోపాటు హన్మకొండ, వర్ధన్నపేట శాసనసభ స్థానాలనూ గెలుచుకోవడం ఆ ఎన్నికల్లో చిరస్మరణీయ ఘట్టం. అభ్యర్థుల గుర్తులు అచ్చువేసిన ఒకే పత్రంపై ముద్ర వేసే పద్ధతి 1960ల్లో స్థిరపడింది.

1964 ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల వేర్వేరు చట్టాలను ఏకం చేసింది. 1986 చట్టం మండల వ్యవస్థను తెచ్చింది. 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ అధ్యక్షులను ప్రజలు నేరుగా ఎన్నుకున్నారు.

అసలైన మలుపు 73వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. దాని ప్రకారం స్థానిక ఎన్నికల ఓటర్ల జాబితా తయారీ, నిర్వహణ బాధ్యతలు రాష్ట్ర ఎన్నికల సంఘానికి దక్కాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ఈ ఏర్పాటును అమల్లో పెట్టింది. ఈ సంఘం స్వతంత్రత ఎంత కీలకమో పొరుగు రాష్ట్రంలో తేటతెల్లమైంది: 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో కమిషనర్ పదవీకాలాన్ని కుదించగా, మే 29న హైకోర్టు దానిని కొట్టివేసింది.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం పాత చట్టం స్థానంలోకి వచ్చింది. 2019 జనవరిలో మూడు విడతలుగా జరిగిన ఎన్నికల్లో సర్పంచ్‌కు గులాబీ, వార్డు సభ్యునికి తెలుపు బ్యాలెట్ పత్రాలు వాడారు. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 గంట దాకా పోలింగ్ జరగగా, 2 గంటలకు ఊళ్లోనే పెట్టెలు తెరిచి, పత్రాలను 25 చొప్పున కట్టలు కట్టి లెక్కించారు. ఫలితం తేలాక వార్డు సభ్యులు చేతులెత్తి ఉపసర్పంచ్‌ను ఎన్నుకున్నారు. పెట్టెలను ఎక్కడికీ తరలించి దాచే అవసరం లేకుండా, ఏజెంట్ల కళ్లెదుటే లెక్క ముగియడం ఈ పద్ధతిలోని గొప్ప సుగుణం.

2019 పురపాలక చట్టం తరువాత 2020 జనవరి 22న కొంపల్లి పురపాలికలోని 10 పోలింగ్ కేంద్రాల్లో ఓటరు ముఖాన్ని యంత్రంతో పోల్చి గుర్తించే ప్రయోగం జరిగింది. అయితే 66 డివిజన్లున్న గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థకు 2021 ఏప్రిల్ 30న, కోవిడ్ రెండో ఉధృతి మధ్య, బ్యాలెట్ పత్రాలతోనే ఎన్నిక నిర్వహించారు. అదే ఏడాది అక్టోబర్ 20న ఖమ్మం జిల్లాలో సెల్‌ఫోన్ ద్వారా ఓటు వేసే నమూనా పోలింగ్ జరిపారు. ఓటు వివరాలను ఒకే చోట కాక పలు కంప్యూటర్లలో, తరువాత మార్చడానికి వీల్లేని విధంగా నమోదు చేసే బ్లాక్‌చెయిన్ సాంకేతికతను అందులో వాడారు. అది నిజమైన ఎన్నికలకు విస్తరించలేదు. 2025 డిసెంబర్‌లో మూడు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికల్లోనూ బ్యాలెట్ పత్రమే కొనసాగింది.