క్నాఫు సంస్థయు నపరాధపరిశోధక నవలయు

గ్రంథముయొక్క యోగ్యత దాని జాతినిబట్టి నిర్ణయింపఁదగినదా, రచనాగుణమునుబట్టి నిర్ణయింపఁదగినదా యను ప్రశ్న లాక్షణికులకుఁ గ్రొత్తది కాదు. వాదముచేతఁ గాక పుస్తకప్రకటనముచేత దీనికి సమాధానము చెప్పిన సంస్థ యొకటి అమెరికాలో న్యూయార్కు నగరమున వెలసెను. 1915వ సంవత్సరమున ఆల్ఫ్రెడ్ క్నాఫు 23 ఏండ్లు నిండని ప్రాయమున దానిని స్థాపించెను. మరుసటియేఁట నాతనిని వివాహమాడిన బ్లాంచి యాదినుండియు నా కార్యమునఁ బాలుపంచుకొనెను. పరుగిడుచున్న బోర్జాయి జాతి రష్యా వేఁటకుక్క వారి ముద్రాంకము. దానిని సూచించినది బ్లాంచియే.

ఈ ముద్రాంకము మొదట నుత్తమసారస్వతమునకు గుఱుతుగాఁ బేరొందెను. నోబెల్ బహుమానమును 1920లో హామ్సన్, 1928లో సిగ్రిడ్ ఉండ్సెట్, 1929లో థామస్ మాన్ పొందిరి. ఈ మువ్వురి నవలలను ఆంగ్లానువాదములుగా క్నాఫు సంస్థ యమెరికా పాఠకులకందించెను. కాగితము, అచ్చు, కుట్టు, అట్ట యన్నింటియందును వారు శ్రద్ధ వహించిరి. పుస్తకాంతమున, అందు వాడిన యచ్చక్షరముల చరిత్రమును గూర్చి చిన్న టిప్పణి చేర్చుట వారి యాచారము.

అపరాధపరిశోధక కథల గతి వేఱు. అవి ముతకకాగితముపై నచ్చుపడు చౌకపత్రికలలో వెలువడుచుండెను. మెంకెన్, నేథన్ అను ప్రసిద్ధవిమర్శకులు 1920లో 'బ్లాక్ మాస్క్' అను నట్టి పత్రికను నెలకొల్పిరి. దాని లాభముతోఁ దమ సారస్వతపత్రికను నిలుపుకొనుటయే వారి యుద్దేశము. కొలఁది నెలలకే దాని నమ్మివేసిరి. అనఁగా నీ కథలు పాడియావులే గాని పూజార్హములు కావని నాఁటి విద్వాంసుల మతము.

పూర్వము పింకర్టన్ సంస్థలో నపరాధపరిశోధకుఁడుగాఁ బనిచేసిన డాషియెల్ హామెట్, ఆ పత్రికలో 1927, 1928 సంవత్సరములలో వరుసగాఁ బ్రకటించిన నాలుగు భాగముల కథను నవలగాఁ గూర్చి క్నాఫు సంస్థకుఁ బంపెను. బ్లాంచి దానిని జదివి యంగీకరించెను, పేరు మార్పించెను, హింసాఘట్టములను దగ్గింపఁ గోరెను. 1929లో, మాన్ బహుమానము పొందిన యేఁటనే, అది 'రెడ్ హార్వెస్ట్' అను పేర వెలువడెను. 1930లో హామెట్ రచించిన 'ది మాల్టీస్ ఫాల్కన్', 1934లో కెయిన్ రచించిన 'ది పోస్ట్‌మాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్', 1939లో చాండ్లర్ రచించిన 'ది బిగ్ స్లీప్' ఆ వేఁటకుక్క గుఱుతుతోనే వచ్చెను.

ఇదియెల్ల ధనాపేక్షయే యని యాక్షేపింపవచ్చును. ధనాపేక్ష లేదనరాదు. కాని ధనమొక్కటియే ప్రయోజనమైనచో వ్రాఁతప్రతిని దిద్దింప నక్కఱలేదు. మాన్ నవలకు వేసిన ముద్రనే దీనికిని వేసి, సారస్వతలోకమునఁ దమకుఁ గల పేరును బణముగా నొడ్డ నక్కఱయు లేదు.

1960లో నీ సంస్థ రాండమ్ హౌస్‌లోఁ గలిసెను. బ్లాంచి 1966లోను, ఆల్ఫ్రెడ్ 1984లోను గతించిరి. అమెరికా సారస్వతమున స్థిరముగా నిలువఁదగిన గ్రంథములను బ్రకటించు 'లైబ్రరీ ఆఫ్ అమెరికా' తన గ్రంథమాలలోఁ 1995లోఁ జాండ్లర్ రచనలను, 1999లో హామెట్ నవలలను జేర్చుకొనెను. చౌకపత్రికనుండి వచ్చిన యొక వ్రాఁతప్రతిపై బ్లాంచి చెప్పిన తీర్పు 70 ఏండ్లకు నిట్లు స్థిరపడెను.