గ్రేస్: ఆ పేరుకు అర్థం, దాని చరిత్ర



కొన్ని వారాల క్రితం మా సంఘంలోని ఒక యౌవన సహోదరుడు మాకు ఫోను చేశారు. "అయ్యగారూ, పాప పుట్టింది. గ్రేస్ అని పెడదామనుకుంటున్నాం. అర్థం మంచిదేనా? ఆ పేరు బైబిల్లో ఉందా?" అని అడిగారు. ఆ ఇంట్లో ఇది మూడవ ఆడబిడ్డ. ప్రార్థన చేయడానికి మేము వెళ్లినప్పుడు, బిడ్డ నాయనమ్మ మంచం మీద కూర్చుని ఒక మాట అన్నారు. "మగపిల్లాడు పుట్టుంటే దేవుని కృప అనుకునేదాన్ని, అయ్యగారూ." బిడ్డ తల్లి తల వంచుకుంది. మేము ప్రార్థన చేసి వచ్చేశాము గాని, ఆ మాట మాత్రం మా మనసులోనే ఉండిపోయింది.

ఆ తండ్రి అడిగినదానికి, ఆ పెద్దమ్మ అన్నదానికి కలిపి జవాబు చెప్పాలంటే ఈ పేరు కథ మొదటినుండి తెలుసుకోవాలి. మన సంఘాల్లో గ్రేస్‌లు, గ్రేసమ్మలు చాలామంది ఉన్నారు గనుక ఇది అందరికీ ఉపయోగపడుతుందని ఈ వారం సంపాదకీయంలో రాస్తున్నాము.

మాట ఎక్కడిది?

గ్రేస్ అనే ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్ భాషలోని 'గ్రాతియా'. ఆ ఒక్క మాటకు దయ, అనుగ్రహం, కృతజ్ఞత, సొగసు అనే అర్థాలన్నీ ఉన్నాయి. అది ఫ్రెంచి భాషమీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అందుకే ఇంగ్లీషువారు భోజనానికి ముందు చేసే ప్రార్థనను గ్రేస్ అంటారు. అందులో ఉన్నది కృతజ్ఞత అనే అర్థం. ఒకరి నడకలోని అందాన్ని కూడా గ్రేస్ అంటారు. అక్కడ ఉన్నది సొగసు.

క్రైస్తవులు ఆ మాటను ప్రేమించడానికి కారణం వేరే ఉంది. క్రొత్త నిబంధన గ్రీకులో ఉన్న 'ఖారిస్' అనే మాటను లాటిన్ బైబిలు గ్రాతియా అని తర్జుమా చేసింది. మన తెలుగు బైబిలు దాన్ని కృప అని చెప్పింది. అపొస్తలుడైన పౌలు తన పత్రికల ఆరంభంలో పలికే దీవెనలో ఉన్నది ఈ మాటే. గబ్రియేలు దూత మరియతో, ఆమె దేవుని యెదుట పొందినదని చెప్పినదీ ఇదే (లూకా 1:30).

ఇక్కడ తెలుగు విశ్వాసికి ఒక మేలు ఉంది. పాత నిబంధన హెబ్రీలో 'హేన్' అనే మాట ఒకటి, 'హెసెద్' అనే మాట ఒకటి ఉన్నాయి. మొదటిది యోగ్యత చూడక చూపే దయ. రెండవది నిబంధన తప్పని నమ్మకమైన ప్రేమ. 136వ కీర్తనలోని 26 వచనాల్లో ప్రతిదాని చివరా వచ్చేది ఈ హెసెద్. పాత ఇంగ్లీషు బైబిలు అక్కడ మెర్సీ అన్నది, మన బైబిలు కృప అన్నది. అంటే మనం కృప అని పలికినప్పుడు ఇంగ్లీషువారి గ్రేస్ కంటే విశాలమైన మాట పలుకుతున్నాము.

బైబిల్లో ఈ పేరు ఉందా?

గ్రేస్ అనే పేరుగల మనిషి బైబిల్లో ఎవరూ లేరు. అయితే అదే అర్థమున్న పేర్లు ఉన్నాయి. సమూయేలు తల్లి హన్నా పేరుకు కృప అని అర్థం. దేవాలయంలో శిశువైన యేసును చూచిన ప్రవక్త్రి అన్న పేరు కూడా అదే (లూకా 2:36). యోహాను అంటే యెహోవా కృపగలవాడు. ఇవన్నీ ఒకే హెబ్రీ ధాతువునుండి వచ్చాయి. ఆ లెక్కన మన సంఘంలోని హన్నా, జాన్, గ్రేస్, కృపామణి అందరూ ఒకే అర్థాన్ని మోస్తున్నవారే.

"గ్రీకు పురాణాల్లో గ్రేసులనే ముగ్గురు దేవతలు ఉన్నారు కదా, పేరు పెట్టవచ్చా?" అని కొందరు అడుగుతుంటారు. అలా ఉన్నమాట నిజమే. కాని క్రైస్తవ కుటుంబాల్లో ఈ పేరు స్థిరపడింది ఆ పురాణంవల్ల కాదు. దానికి వేరే చరిత్ర ఉంది.

ప్యూరిటన్ల ఇళ్లలో

మధ్యయుగాల్లో ఇంగ్లాండులో ఈ పేరు అరుదుగా కనిపించేది. 16వ శతాబ్దపు సంస్కరణోద్యమం తరువాత పరిస్థితి మారింది. ప్యూరిటన్లు అనబడిన భక్తులు పరిశుద్ధుల పేర్లు పెట్టే పాత అలవాటును పక్కనబెట్టారు. పాత నిబంధన పేర్లను, సద్గుణాల పేర్లను పిల్లలకు పెట్టసాగారు. ఫెయిత్, హోప్, మెర్సీ, పేషెన్స్, ప్రూడెన్స్ అనే పేర్లు ఆ కాలంలోనే ఇంగ్లీషు ఇళ్లలో వ్యాపించాయి. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికాకు వెళ్లిన సంఘపెద్ద విలియం బ్రూస్టర్ తన పిల్లల్లో నలుగురికి పేషెన్స్, ఫియర్, లవ్, రెజ్లింగ్ అని పేర్లు పెట్టారు. అంటే ఓర్పు, దైవభయం, ప్రేమ, యాకోబువలె పోరాటం. 1653లో లండన్ పార్లమెంటులో కూర్చున్న ఒక సభ్యుని పేరు ప్రెయిజ్‌గాడ్ బేర్‌బోన్.

వీటిలో చాలా పేర్లు తరువాత వాడుకలోనుండి పోయాయి. రెజ్లింగ్ అని బిడ్డకు పేరు పెట్టేవారు ఇప్పుడు లేరు. గ్రేస్ మాత్రం నిలిచింది. పలకడానికి చిన్నది, వినడానికి మృదువైనది. ఆ భక్తుల విశ్వాసానికి గుండెకాయవంటి మాట కూడా అదే. మనిషి తన క్రియలవల్ల గాక కృపచేతనే రక్షింపబడుతున్నాడన్న ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయపు బోధను వారు బిడ్డ పేరులో పెట్టుకున్నారు. బిడ్డను పిలిచిన ప్రతిసారీ ఇంటివారికి ఆ బోధ గుర్తుకు రావాలని వారి ఉద్దేశం.

ఈ పేరును మోసిన వారు

1838 సెప్టెంబరు 7న ఇంగ్లాండు ఈశాన్య తీరంలో ఫోర్ఫార్‌షైర్ అనే ఆవిరి ఓడ తుఫానులో బండలకు కొట్టుకుని విరిగిపోయింది. దగ్గరలోని లాంగ్‌స్టోన్ దీపస్తంభం కాపలాదారుడు, 22 ఏళ్ల అతని కుమార్తె చిన్న పడవలో ఆ అలల్లోకి వెళ్లారు. వారు ప్రాణాలకు తెగించడంవల్ల తొమ్మిదిమంది బ్రతికారు. ఆ అమ్మాయి పేరు గ్రేస్ డార్లింగ్. నాలుగేళ్లకే, 1842లో, క్షయవ్యాధితో ఆమె కన్నుమూశారు. బ్రిటన్ అంతా ఆమె పేరు తెలియని ఇల్లు లేకపోయింది.

అమెరికాలో 1906లో పుట్టిన గ్రేస్ హాపర్ గణితశాస్త్రవేత్త. మనిషికి అర్థమయ్యే మాటల్లో కంప్యూటరుకు ఆజ్ఞలివ్వడం సాధ్యమని చూపించినవారిలో ఆమె ముందువరుసలో ఉన్నారు. కోబాల్ భాషకు పునాది ఆమె పనే. నౌకాదళంలో రియర్ అడ్మిరల్ స్థాయికి చేరి 79 ఏళ్ల వయసులో విరమించారు. మన సంఘాల్లో కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్న ఆడపిల్లలు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

సినిమా నటి గ్రేస్ కెల్లీ 1956లో మొనాకో రాజును వివాహమాడి ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందారు.

ప్రజాదరణ

అమెరికాలో 1900 ప్రాంతంలో ఆడపిల్లలకు ఎక్కువగా పెట్టిన మొదటి 25 పేర్లలో గ్రేస్ ఒకటి. తరువాత అది దిగజారుతూ వచ్చింది. గ్రేస్ కెల్లీ కీర్తి కూడా దాన్ని ఆపలేకపోయింది. 1970ల నాటికి అది మూడు వందల స్థానాలకు అవతలికి జారిపోయింది. అప్పటికి అది అమ్మమ్మల పేరు అయిపోయింది. ఆ అమ్మమ్మల మునిమనవరాళ్లు పుట్టే కాలానికి పేరు మళ్లీ లేచింది. 2000లలో అమెరికాలో మొదటి 20 పేర్లలోకి, ఇంగ్లాండులో మొదటి పదిలోకి వచ్చింది. 2020లో ఐర్లండులో ఆడపిల్లలకు అన్నిటికంటే ఎక్కువగా పెట్టిన పేరు ఇదే. రెండవ పేరుగా కూడా ఇంగ్లీషువారు దీన్ని ఎంతో వాడతారు.

పేర్ల వాడుక ఇలా తిరుగుతూ ఉంటుంది. ఈ రోజు పాతదిగా తోచిన పేరును రేపు మనవరాలు ముద్దుగా పెట్టుకుంటుంది. కనుక ఫ్యాషన్ చూచి పేరు పెట్టేవారు ఆ ఫ్యాషన్ పోయాక కూడా అర్థం నిలిచే పేరు ఎన్నుకోవడం మంచిది.

మన నేలమీద

1883లో గుంటూరుకు ఒక లూథరన్ మిషనరీ వైద్యురాలు అమెరికానుండి వచ్చారు. మగ డాక్టరు చెయ్యి పట్టి చూడడానికి ఇంటివారు ఒప్పుకోని స్త్రీలు ఆ రోజుల్లో ఎందరో. అటువంటి స్త్రీలకు, వారి పిల్లలకు ఆమె వైద్యం చేశారు, ఆసుపత్రి కట్టించారు, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె డాక్టర్ అన్నా సారా కుగ్లర్. అన్నా అంటే కృప అని పైన చెప్పుకున్నాము.

మన పెద్దల కాలంలో బిడ్డలు పుట్టి చనిపోతుంటే, దిష్టి తగలకూడదని తరువాతి బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టేవారు. బాప్తిస్మము పొందిన రోజున అటువంటి పేరు పోయి కృపమ్మ, దయామణి, కృపావరం అనే పేరు వచ్చినప్పుడు ఆ మనిషి ఎంత తలెత్తుకుని నిలబడి ఉంటారో ఆలోచించండి. గ్రేసమ్మ అనే పేరు మన పల్లెల్లో నిలబడింది ఆ వరుసలోనే.

గ్రేస్ మార్కులు కాదు

మన పిల్లలకు ఈ మాట ముందుగా పరిచయమయ్యేది పరీక్షల్లో. 35 రావలసిన చోట 32 వస్తే, మూడు కలిపి గట్టెక్కించినదాన్ని గ్రేస్ మార్కులు అంటారు. అలా గట్టెక్కినవాణ్ణి కొంచెం చిన్నచూపు చూస్తారు కూడా. చాలామంది విశ్వాసులు దేవుని కృపను ఈ లెక్కలోనే అర్థం చేసుకుంటారు. 32 మార్కులు మనవి, మిగతా మూడు దేవునివి అనుకుంటారు. పౌలు చెప్పేది అది కాదు. మనం తెల్లకాగితం ఇచ్చి వచ్చినవాళ్లమని, ఆయన మొత్తం ఇచ్చాడని ఆయన బోధ.

ఆ నాయనమ్మ మాటలోనూ ఇదే పొరపాటు ఉంది. కోరింది వస్తే కృప, కోరనిది వస్తే లోటు. ఆ ఒక్క ఇంట్లోనే కాదు, మన సంఘాల్లో ఎన్నో ఇళ్లలో ఈ మాట వినబడుతుంది. గర్భంలోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లోనే చట్టం వచ్చింది. చట్టం స్కానింగ్ గదిలో ఆపగలదేమో గాని, ఇంట్లో మంచం మీద కూర్చుని అన్న మాటను ఆపలేదు. దాన్ని ఆపవలసింది సంఘమే.

హన్నాను చూడండి. సమూయేలు పుట్టకముందే ఆమె పేరు హన్నా. పిల్లలు లేక షిలోహులో ఏడ్చిన ఏళ్లలోనూ ఆమె పేరుకు అర్థం కృపే. కొడుకు పుట్టాక వచ్చిన బిరుదు కాదది. సెలోపెహాదుకు అయిదుగురూ కుమార్తెలే. మోషే వారి మనవిని దేవుని సన్నిధికి తెస్తే, వారు అడిగినది న్యాయమేనని దేవుడు వారికి స్వాస్థ్యం ఇప్పించాడు (సంఖ్యాకాండము 27). ఆ అయిదుగురి పేర్లూ గ్రంథంలో రాయబడ్డాయి.

కనుక ఆ సహోదరునికి మా జవాబు ఇది. గ్రేస్ మంచి పేరు, పెట్టండి. తెలుగులో కృప అని పిలుచుకున్నా అంతే మంచిది. జననం 21 రోజుల్లో నమోదు చేయించండి. పేరు తరువాత కూడా చేర్పించవచ్చు గనుక తొందరపడక, అక్షరాలు ఒకటే ఉండేలా చూచుకోండి. అయితే ఆ పేరు పెట్టినవారు ఒకటి ఒప్పుకోవాలి. ఈ బిడ్డ లోటును పూడ్చడానికి రాలేదు, మగబిడ్డ రానందుకు ఓదార్పుగానూ రాలేదు. ఆమే ఆ ఇంటికి దేవుడిచ్చిన వరం.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆ పాపను ప్రతిష్ఠకు తీసుకువస్తారు. ఆ రోజు బిడ్డను నాయనమ్మగారి చేతుల్లో పెట్టి, పేరు వారి నోటనే పలికించాలని మా కోరిక. మీ సంఘంలో కూడా అలా చేసి చూడండి.

ప్రభువు కృప మీ ఇంటికి తోడుగా ఉండును గాక. ఆమేన్.