పేర్లు రాసుకున్న కమిషన్

1979 సెప్టెంబర్ 7. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో అవెనీదా దె మాయో వీధి. ఒక కార్యాలయం ముందు మొదలైన క్యూ మలుపు తిరిగి పక్క వీధిలోకి సాగింది. అందులో ఎక్కువమంది తల్లులు. చేతుల్లో బిడ్డల ఫొటోలు, కోర్టులు తిప్పిపంపిన పిటిషన్ల నకళ్లు. అదే రోజు టోక్యోలో జరిగిన యువ ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్లో మారడోనా జట్టు సోవియట్ యూనియన్‌ను 3-1తో ఓడించింది. అందరూ వీధుల్లోకొచ్చి సంబరాలు చేసుకోవాలని, దేశం ఎంత ఆనందంగా ఉందో బయటినుంచి వచ్చినవాళ్లకు చూపించాలని రేడియోలో పిలుపు వినిపించింది. జెండాలు ఊపుతూ, కేకలు పెడుతూ గుంపులు అటుగా వచ్చాయి. క్యూలో ఉన్నవాళ్లు మాత్రం తమ చోటు వదల్లేదు.

వాళ్లు ఎదురుచూస్తున్నది అంతర్ అమెరికా మానవ హక్కుల కమిషన్ కోసం. దానికి సైన్యం లేదు, పోలీసులు లేరు, ఎవరినీ జైలుకు పంపే అధికారం లేదు. చెప్పింది వినడం, విన్నది రాసుకోవడం, రాసుకున్నది లోకానికి ప్రకటించడం, ఇంతే దాని పని. ఆ కాస్త పనికే ఓ సైనిక ప్రభుత్వం ఎందుకు వణికిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పదవి పోయిన అధ్యక్షుడే తొలి సారథి

1948లో కొలంబియా రాజధాని బొగోటాలో అమెరికా ఖండాల దేశాలు సమావేశమై 'అమెరికా దేశాల సంస్థ'ను (ఓఏఎస్) ఏర్పాటు చేసుకున్నాయి. మనిషి హక్కులు, బాధ్యతలపై ఒక ప్రకటనను కూడా అక్కడే ఆమోదించాయి. ఐక్యరాజ్యసమితి విశ్వజనీన ప్రకటన వెలువడింది ఆ తర్వాత కొన్ని నెలలకు, అదే ఏడాది డిసెంబర్‌లో. అయితే ప్రకటన అమలవుతోందో లేదో చూసే నాథుడు లేడు. 1959లో చిలీలోని శాంటియాగోలో విదేశాంగ మంత్రులు సమావేశమై మానవ హక్కుల కమిషన్ ఏర్పాటుకు నిర్ణయించారు. మరుసటి ఏడాది అది పని మొదలుపెట్టింది.

తొలి అధ్యక్షుడు వెనెజులా నవలా రచయిత రోములో గాయెగోస్. 1948లో దేశాధ్యక్షుడైన ఆయన్ను తొమ్మిది నెలలకే సైన్యం గద్దె దించింది. సైనిక బూటు బరువు అనుభవంతో తెలిసిన మనిషి. కమిషన్‌లో సభ్యులు ఏడుగురు. వాళ్లను ఎన్నుకునేది ప్రభుత్వాలే అయినా, ఏ ప్రభుత్వానికీ ప్రతినిధులుగా కాక వ్యక్తిగత హోదాలో కూర్చుంటారు.

మొదట్లో ఫిర్యాదులపై విచారణ జరిపే అధికారం కూడా దానికి లేదు. హక్కుల గురించి అధ్యయనం చేయాలి, ప్రచారం చేయాలి, అంతవరకే. బాధితులు మాత్రం నియమావళి చూసి ఉత్తరాలు రాయరు కదా! ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. చివరికి 1965లో విడివిడి ఫిర్యాదులను పరిశీలించే అధికారం దక్కింది. ఈలోగా కమిషన్ మరో దారి కూడా వేసుకుంది. 1961లో డొమినికన్ రిపబ్లిక్ వెళ్లి, అక్కడి పరిస్థితిని స్వయంగా చూసింది. ఆ క్షేత్ర పర్యటనే తర్వాత్తర్వాత దాని ప్రధాన ఆయుధమైంది.

ఆచూకీ లేకుండా చేసే విధానం

1976 మార్చి 24న అర్జెంటీనాలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. జనరల్ విదేలా అధ్యక్షుడయ్యాడు. అప్పటినుంచి మనుషులు మాయమవడం ప్రభుత్వ విధానంగా మారింది. నంబరు ప్లేటు లేని కార్లలో సాయుధులు వస్తారు. విద్యార్థినో, కార్మిక నాయకుణ్నో, లాయర్‌నో పట్టుకుపోతారు. ఇంటివాళ్లు స్టేషన్‌కు వెళితే అలాంటి పేరుగల మనిషే తమ దగ్గర లేడంటారు. కోర్టులో హెబియస్ కార్పస్ వేస్తే, జడ్జి పోలీసులను అడుగుతాడు. పోలీసులు లేడంటారు. కేసు కొట్టేస్తారు. అరెస్టు వారెంటు ఉండదు, అభియోగం ఉండదు, శవం కూడా ఉండదు. రాజధానిలోని నౌకాదళ మెకానిక్‌ల స్కూలు 'ఎస్మా' లాంటి చోట్ల చిత్రహింసలు పెట్టి, చాలామందిని మత్తులో ఉండగానే విమానాల్లోంచి నీళ్లలో పడేశారు.

ఒక్క కాగితం మీద కూడా ఆనవాలు మిగలకుండా చూసుకోవడమే ఈ నేరానికి ఆయువుపట్టు. 1977 ఏప్రిల్ 30న కొందరు తల్లులు అధ్యక్ష భవనం ఎదుట ప్లాసా దె మాయో కూడలిలో గుమిగూడారు. తర్వాత ప్రతి గురువారం తలకు తెల్ల గుడ్డ కట్టుకుని వచ్చేవారు. వాళ్లను కూడగట్టిన అసుసేనా విజాఫ్లోర్‌ను అదే ఏడాది డిసెంబర్ 10న, మానవ హక్కుల దినం నాడే, ఎత్తుకుపోయారు. ఆమె అవశేషాలను గుర్తించింది 2005లో.

అతిథుల రాకకు ముందు

కమిషన్ ఒక దేశంలో అడుగుపెట్టాలంటే ఆ ప్రభుత్వం ఒప్పుకోవాలి. 1978 సెప్టెంబర్‌లో రోమ్‌లో అమెరికా ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ విదేలాను కలిశాడు. విద్యుత్ టర్బైన్ల కొనుగోలుకు నిలిచిపోయిన ఎగ్జిమ్ బ్యాంకు రుణానికీ కమిషన్‌కు ఆహ్వానానికీ అక్కడే ముడిపడింది. అలా తలుపు తెరుచుకుంది.

తెరిచేలోపు ఇల్లు సర్దుకునే పని జోరుగా సాగింది. పర్యటనకు ముందు నెలలో పోలీసులు హక్కుల సంఘాల ఆఫీసులపై దాడి చేసి ఫైళ్లు ఎత్తుకెళ్లారు. అర్జెంటీనా ప్రజలు నిజాయితీపరులు, మానవత్వం ఉన్నవాళ్లు అని చాటే స్టిక్కర్లు ఊరంతా అంటించారు. కనిపించకుండా పోయినవాళ్లను చనిపోయినట్టుగా కోర్టులు ప్రకటించేందుకు పర్యటన జరిగిన 1979 సెప్టెంబర్‌లోనే ఒక చట్టం తెచ్చారు. 'ఎస్మా' బందీలను తీగ్రె డెల్టాలోని ఒక దీవికి తరలించారు. బయటపడ్డవాళ్ల సాక్ష్యాలకూ భవనానికీ పొంతన కుదరకుండా లోపలి మెట్లదారిని కూడా తీసేశారు. కట్టడాన్నైతే మార్చగలిగారు గానీ, క్యూలో నిలబడ్డవాళ్ల నోరు కట్టేయలేకపోయారు.

రెండు వారాలు

సెప్టెంబర్ 6 నుంచి 20 దాకా కమిషన్ అర్జెంటీనాలో ఉంది. అధ్యక్షుడు వెనెజులాకు చెందిన ఆంద్రెస్ అగిలార్. ఆయనతో కొలంబియా, కోస్టారికా, బ్రెజిల్, ఎల్ సాల్వడార్, అమెరికా దేశాల న్యాయకోవిదులు ఉన్నారు. వాళ్లు విదేలాను కలిశారు. గృహనిర్బంధంలో ఉన్న పత్రికా సంపాదకుడు హకోబో తిమెర్మన్‌తో మాట్లాడారు. జైళ్లకెళ్లి ఖైదీలను విన్నారు. కోర్దొబా, తుకుమాన్‌లకు కూడా వెళ్లారు. వెళ్లిన ప్రతిచోటా ఫిర్యాదులు తీసుకున్నారు.

మొత్తం 5,580 ఫిర్యాదులు అందాయి. వాటిలో 4,153 అంతకుముందు కమిషన్ దృష్టికి రానివి. ఈ అంకె బరువు తెలియాలంటే క్యూలో నిలబడ్డం అంటే ఏమిటో తెలియాలి. ఎదురుగా మారువేషంలో పోలీసులు ఉంటారని, తమ ముఖాలు గుర్తుపెట్టుకుంటారని అందరికీ తెలుసు. అయినా వచ్చారు. పేరు, వయసు, ఏ రోజు, ఏ గంటకు, ఏ వీధిలో, ఎవరు చూస్తుండగా... గుమాస్తా అడుగుతుంటే చెప్పారు. మూడేళ్లుగా అలాంటివాడే లేడంటున్న రాజ్యం ఎదుట, ఉన్నాడని మొదటిసారి ఒక అధికారిక కాగితం మీద పడింది.

నివేదిక

1980 ఏప్రిల్‌లో నివేదిక సిద్ధమైంది. మాయమైన వేలమందిలో చాలామంది చనిపోయారని భావించేందుకు బలమైన ఆధారాలున్నాయని, వారి మరణాలకు ప్రభుత్వ భద్రతా బలగాలే కారణమని తేల్చింది. బాధ్యులపై విచారణ జరపాలని సిఫార్సు చేసింది. ఓఏఎస్ సర్వసభ్య సమావేశం మాత్రం అర్జెంటీనాను గట్టిగా ఖండించే తీర్మానం చేయలేకపోయింది. దేశంలో నివేదిక అచ్చు కాలేదు. అయితే ఎమీలియో మిగ్నోనే అనే లాయర్, తన కూతుర్ని అలాగే పోగొట్టుకున్న తండ్రి, ప్రతులను రహస్యంగా దేశంలోకి తెప్పించాడు. అవి చేతులు మారుతూ తిరిగాయి.

1983 డిసెంబర్‌లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చింది. కొత్త అధ్యక్షుడు అల్ఫోన్‌సీన్ నియమించిన విచారణ సంఘానికి రచయిత ఎర్నెస్టో సాబాతో నాయకత్వం వహించాడు. అది 8,961 మంది అదృశ్యాలను, సుమారు 340 రహస్య నిర్బంధ కేంద్రాలను నమోదు చేసింది. అసలు సంఖ్య 30 వేలని హక్కుల సంఘాలంటాయి. 1985 డిసెంబర్ 9న పౌర న్యాయస్థానం విదేలాకూ, నౌకాదళాధిపతి మాసెరాకూ యావజ్జీవ శిక్ష వేసింది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. సైన్యం ఒత్తిడికి లొంగి 1986, 87లలో విచారణలను ఆపే చట్టాలు వచ్చాయి. తర్వాత అధ్యక్షుడు మెనెమ్ క్షమాభిక్షలిచ్చాడు. బాధితులు మళ్లీ కమిషన్ తలుపు తట్టారు. ఆ చట్టాలు, క్షమాభిక్షలు అమెరికా ఖండాల మానవ హక్కుల ఒప్పందానికి విరుద్ధమని 1992లో కమిషన్ తేల్చింది. 2005లో అర్జెంటీనా సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టేసింది. కేసులు తిరిగి తెరుచుకున్నాయి. 2013లో విదేలా జైల్లోనే చనిపోయాడు.

మనకేది ఆ తలుపు?

అమెరికా ఖండాలకు, ఐరోపాకు, ఆఫ్రికాకు ప్రాంతీయ హక్కుల వ్యవస్థలున్నాయి. దక్షిణాసియాకు లేదు. సొంత దేశంలో న్యాయం దొరకని ఫిర్యాదుదారు పక్క గుమ్మం ఎక్కుదామంటే ఇక్కడ ఆ గుమ్మమే లేదు. బలవంతపు అదృశ్యాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారతదేశం 2007లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

మనకున్నది 1993లో ఏర్పడిన జాతీయ మానవ హక్కుల కమిషన్. సైనిక బలగాలపై ఫిర్యాదు వస్తే కేంద్రం నుంచి నివేదిక కోరడానికే చట్టం దాన్ని పరిమితం చేసింది. అయినా, రాసుకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుగు నేలే చూపించింది. ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లపై పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదును విచారించి, 1996 నవంబర్‌లో జాతీయ కమిషన్ ఆదేశాలిచ్చింది. ఎన్‌కౌంటర్ మరణం సమాచారాన్ని స్టేషన్ రిజిస్టర్‌లో నమోదు చేయాలి, ఆ స్టేషన్ పోలీసులే నిందితులైతే దర్యాప్తు వేరే సంస్థకు అప్పగించాలి. 1997 మార్చిలో ఈ మార్గదర్శకాలు అన్ని రాష్ట్రాలకూ వెళ్లాయి. పాటింపు ఎలా ఉందన్న పోరాటం కోర్టుల్లో సాగుతూనే ఉంది. అడగడానికి ఒక ఆధారమంటూ ఏర్పడింది మాత్రం ఆ ఫిర్యాదు వల్లే.

కమిషన్లు కోరల్లేని పాములని తేలిగ్గా అనేస్తాం. అర్జెంటీనా అనుభవం మరో మాట చెబుతుంది. అక్కడ నేరం నిలబడింది రికార్డు లేకపోవడం మీద. దాన్ని కూల్చిందీ రికార్డే. న్యాయం రావడానికి ఆరేళ్లు పట్టింది, మళ్లీ చేజారింది, మరో ఇరవై ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ కేసు బతికి ఉన్నది ఆ రెండు వారాల్లో రాసుకున్న పేర్ల వల్ల కూడా. అందుకే హక్కుల కమిషన్‌కు సభ్యులను నియమించకుండా ఏళ్లతరబడి కుర్చీలు ఖాళీగా ఉంచినప్పుడు, నివేదికలను బీరువాల్లో పెట్టి తాళం వేసినప్పుడు, దాన్ని పరిపాలనా జాప్యమని సరిపెట్టుకోకూడదు. రేపటి న్యాయానికి కావలసిన సాక్ష్యం పుట్టకుండా ఆపడం అది. ఆ కుర్చీలు నింపమని, ఆ తాళాలు తీయమని అడగడం పౌరులుగా మన పని.