బోధను చక్కెరకు చల్లని నీరు

చక్కెర నిప్పు పంట యని మనము తలంతుము. కాని చల్లని నీరు లేనిదే తెల్లని చక్కెర లేదు.

బెల్లపు పెనమునొద్ద నిలిచినవారెరుగుదురు: పానకము చిక్కబడిన కొలది వేడి హెచ్చి రంగు మాడును. 1813లో ఎడ్వర్డు హోవర్డు అను ఆంగ్లేయుడు మూతపాత్రలో గాలి తీసి, తక్కువ వేడిమిని పానకము కాచు విధమునకు పేటెంటు పొందెను. పైకి లేచిన ఆవిరిపై చల్లని నీరు పడగా అది కుదించుకొనిపోవును; ఆ వెలితియే శూన్యము. జేమ్సు వాట్ ఆవిరియంత్రమున వాడిన ఉపాయమిదియే. పొగయోడలును దీనితోనే నడిచెను.

ఓడకు చుట్టును నీరే. మన సీమకో, మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు దిక్కాయెను. దాని కాలువల క్రింద చెఱకు పెరిగెను. 1937లో బోధనున నిజాము చక్కెర కర్మాగారము వెలసెను.

ఇట్టి మిల్లులలో శూన్యము చూపు ముల్లు దిగజారినచో, పనివాడు మొదట బయటికిపోవు నీటిని తాకి చూడవలెను. అది సెగగా నున్నచో నీరు చాలలేదు, లేదా వచ్చు నీరే వెచ్చనిది. వేసవి ముఖమున ఇది మామూలే. చల్లగనే యున్నచో ఎచ్చటనో గాలి చొరబడుచున్నది, లేక గాలిపంపు చెడినది. ఇది తెలియక తొందరపడి ఆవిరి హెచ్చించినవాడు శూన్యమును మరింత పోగొట్టుకొని, చక్కెరకు రంగు తెచ్చును. రైతు చెమట ఆ ముల్లుపై వ్రేలాడుచుండెడిది.

2015 డిసెంబరులో బోధను కర్మాగారమున పని నిలిచెను. చుట్టుపట్ల రైతులు చెఱకును పరాయి మిల్లులకు తోలుకొనవలసి వచ్చెను.