ఫోర్‌మన్ కుర్చీలో ఎవరు

1902లో కటక్-వాల్తేరు లైను బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. ఆ లైను మీదే రైలెక్కి శ్రీకాకుళం వైపు జనం ఖరగ్‌పూర్ చేరారు. అక్కడి మథురాకాటి, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఎటు విన్నా తెలుగే.

మా తాత అక్కడి రైల్వే వర్క్‌షాపులో బాయిలరు ఖలాసీ. బయట ఒకడు ఎర్రగా కాలిన రివెట్‌ను సుత్తితో కొడుతుంటే, తాత బాయిలరు లోపల కూర్చుని ఇనుప దిమ్మె ఆనించి పట్టుకునేవాడు. రిటైరయ్యేనాటికి చెవులు రెండూ పోయాయి. ఆ షాపులో ఫోర్‌మన్ కుర్చీ మాత్రం దొరలది, లేదంటే ఆంగ్లో-ఇండియన్లది.

1934లో సర్కారు రైల్వే సబార్డినేట్ కొలువుల్లో 8 శాతం ఆంగ్లో-ఇండియన్లకే కేటాయించింది. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 336వ అధికరణం ఆ ఏర్పాటును ఉంచుతూనే, రెండేళ్లకోసారి పది శాతం చొప్పున తగ్గించి, పదేళ్లకు ఎత్తేయమంది. ఉన్న కుర్చీని కాపాడే కోటా అది. అయినా గడువు పెట్టి, మెల్లగా తగ్గించడం మంచి పని. ఆ ఇళ్లలోనూ డ్రైవరు జీతం మీదే బతికే పిల్లలున్నారు.

కుర్చీ ముఖమే చూడని ఎస్సీలకు కేంద్ర కొలువుల్లో కోటా వచ్చింది 1943లో, వైస్రాయి కౌన్సిల్లో అంబేద్కర్ ఉన్నప్పుడు. ప్రమోషన్లలోనూ ఇవ్వడం మిగతావాళ్లకు అన్యాయమని దక్షిణ రైల్వే ఉద్యోగి రంగాచారి కోర్టుకెక్కారు. 1961లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు కోటా చెల్లుతుందన్నారు. నా మనసు ఆ ముగ్గురి వైపే. ప్రమోషన్ లేకపోతే ఖలాసీ కొడుకు ఖలాసీగానే మిగులుతాడు.

ఇప్పుడు అదే పేచీ వ్యాపారంలోకి వచ్చింది. కేంద్ర శాఖలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 విధానం. 2018లో మహిళలకు 3 శాతం చేర్చారు. మరి మా సంగతేంటని ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో అడిగే మిగతా వ్యాపారులున్నారు. అడగనివ్వండి. మహిళా దినోత్సవం నాడు ఆఫీసుల్లో ఆడవాళ్లకు కప్పే శాలువా ఎవరి జేబులోంచీ తీసేది కాదు. ఆర్డరు మాత్రం ఒకరికిస్తే ఇంకొకరికి తగ్గుతుంది, ఆ మాట దాచకూడదు. తరతరాలుగా ఆర్డర్లు ఎవరింటికి వెళ్లాయో లెక్క తీస్తే, ఈ తగ్గడం నాకు న్యాయంగానే తోస్తుంది.

నన్ను బాధపెట్టేది బినామీ. భార్య పేర సంస్థ, సంతకం ఆమెది, పెత్తనం భర్తది. ఇందులో నిజంగా లేత్ నడిపించే ఆడమనిషీ నష్టపోతుంది, పోటీలో ఓడిన మగవాడూ నష్టపోతాడు. తనిఖీ అక్కడ జరగాలి. ఇంకొకటి, బిల్లు. చిన్న పరిశ్రమకు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతోంది. వేదిక మీద శాలువా కప్పే ఆఫీసులు ముందు ఆ గడువు పాటించాలి.