ఇల్లు, మడిగె, కౌలు భూమి ప్రాజెక్టులో పోతున్నాయా? ముందు సర్వే లిస్టులో మీ పేరు ఉందో లేదో చూసుకోండి

నిజామాబాద్: రోడ్డు పక్కన గోడలకు మార్కింగ్ వేశారంటే చాలు, బిల్డింగ్ ఓనర్‌కు ఫోన్ల మీద ఫోన్లు. గజానికి ఎంత ఇస్తారట? ఎకరానికి ఎంతట? అదే బిల్డింగ్‌లో మడిగె కిరాయికి తీసుకుని ఏళ్లుగా టైలరింగ్ షాప్ నడుపుకుంటున్న మనిషిని ఎవరూ అడగరు. ఆయన కూడా ఆఫీసుకు వెళ్లి అడగడు. ‘జాగా మనది కాదు కదా, మనకేం వస్తది’ అనుకుంటాడు.

చట్టం మాత్రం అలా అనలేదు. 2013 భూసేకరణ చట్టం (2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది) ప్రకారం ఇవ్వాల్సినవి రెండు. ఒకటి పరిహారం.. అంటే భూమికి, కట్టడానికి, చెట్లకు ఇచ్చే డబ్బు. రెండోది పునరావాసం.. అంటే అక్కడి నుంచి లేచి వెళ్లి మళ్లీ నిలదొక్కుకోవడానికి ఇచ్చే సాయం. మొదటిది ఎక్కువగా పట్టాదారుకు వెళ్తుంది. రెండోది కౌలు రైతుకు, పాలుకు చేసేవాళ్లకు, వ్యవసాయ కూలీకి, చేతివృత్తులవాళ్లకు, చిన్న వ్యాపారికి కూడా వర్తిస్తుంది. షరతు ఏంటంటే, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పని చేస్తూ ఉండాలి, ఆ పనే ప్రధాన జీవనాధారం అయి ఉండాలి. పట్టణాల్లో అయితే మూడేళ్లుగా ఆ జాగాలో నివాసం ఉంటున్న కుటుంబం కూడా ‘ప్రభావిత కుటుంబం’ కిందకే వస్తుంది.

జిల్లాకు ఇది కొత్త ముచ్చట కాదు. 1963 జులై 26న నెహ్రూ పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అప్పట్లో ఉన్నది 1894 నాటి చట్టం. అందులో భూమికి రేటు కట్టి డబ్బు ఇవ్వడమే తప్ప, పునరావాసం అనేది హక్కుగా లేదు. సొంత భూమి లేని వాళ్లకు ఆ చట్టం కింద లెక్కే లేదు. ముంపు గ్రామం అనే మాట వినగానే ఇక్కడి పెద్దవాళ్ల ముఖాలు మారిపోవడానికి కారణం అదే. ఈ మధ్య మోపాల్ మండలంలో మంచిప్ప రిజర్వాయర్ విషయంలో గ్రామస్తులు, తండావాసులు ఆందోళనకు దిగడానికీ ఈ భయమే కారణం.

ఇప్పుడు జిల్లాలో ఎక్కువగా వినిపించేది రోడ్లు, రైల్వే లైన్ల పేర్లే. బోధన్, నిజామాబాద్, ఆర్మూర్ మీదుగా 63వ నంబర్ జాతీయ రహదారి వెళ్తుంది. ముద్ఖేడ్–మేడ్చల్ రైల్వే డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. ఆ లైన్ కూడా నిజామాబాద్ మీదుగానే పోతుంది. హైవేలకు, రైల్వేలకు భూసేకరణ చట్టాలు వేరుగా ఉన్నాయి. కానీ పరిహారం లెక్క, పునరావాస ప్యాకేజీ మాత్రం 2013 చట్టం ప్రకారమే ఉండాలి. 2015 ఆగస్టు 28న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఇదే చెబుతోంది. హైవే కేసుల్లోనూ సొలేషియం ఇవ్వాల్సిందేనని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఎంత వస్తుంది?

భూమి ఉన్నవాళ్ల లెక్క ముందు చూద్దాం. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ, చుట్టుపక్కల మూడేళ్లలో జరిగిన అమ్మకాల సగటు.. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. ఊరి భూమి అయితే దాన్ని 1 నుంచి 2 మధ్య ఉండే గుణకంతో పెంచుతారు. ఇల్లు, బోరు, చెట్ల విలువ కలుపుతారు. ఆ మొత్తానికి ఇంకో 100 శాతం సొలేషియం. ఇక్కడే మనవాళ్లు దెబ్బ తింటున్నారు. స్టాంపు ఖర్చు తగ్గుతుందని కాగితం మీద తక్కువ రేటు రాయించుకున్న ఊళ్లో, సేకరణ వచ్చినప్పుడు ఆ తక్కువ రేటే సగటులోకి వెళ్తుంది. అప్పుడు ‘అసలు ధర వేరే సార్’ అంటే ఎవరూ వినరు.

ఇక పునరావాసం. ఇల్లు పోతే ఇల్లు. పట్టణంలో కనీసం 50 చదరపు మీటర్ల ఇల్లు, వద్దనుకుంటే లక్షన్నరకు తగ్గకుండా నగదు. సొంత జాగా లేకుండా నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్లు ఆగకుండా అక్కడే ఉంటున్న కుటుంబానికీ ఇది వర్తిస్తుంది. ఉద్యోగం లేదా రూ.5 లక్షలు ఒకేసారి లేదా నెలకు రూ.2 వేల చొప్పున 20 ఏళ్లు.. ఈ మూడింటిలో ఒకటి. నిర్వాసిత కుటుంబానికి ఏడాది పాటు నెలకు రూ.3 వేలు, సామాను తరలించడానికి రూ.50 వేలు, స్థిరపడటానికి మరో రూ.50 వేలు. చిన్న వ్యాపారికి, చేతివృత్తి కుటుంబానికి ఒకసారి ఇచ్చే సాయం కనీసం రూ.25 వేలు. పశువుల కొట్టం, చిన్న దుకాణం కట్టుకోవడానికి కూడా కనీసం రూ.25 వేలు.

ఇవి 2013లో చట్టంలో రాసిన అంకెలు. మడిగెకు ఇప్పుడు అడుగుతున్న అడ్వాన్సులతో పోలిస్తే రూ.25 వేలు ఏ మూలకూ రావు. పాత గిరాకీ కొత్త చోటుకు రాదు, దానికి లెక్కే లేదు. అమెరికాలో 1970 నాటి చట్టం ప్రకారం కిరాయి షాపు అయినా సరే తరలింపు ఖర్చు ఎంత అయితే అంత ఇస్తారు, ఖాళీ చేయించే ముందు 90 రోజుల నోటీసు ఇస్తారు. మన దగ్గర ‘కనీసం’ అన్న మాట ఉంది కాబట్టి ఎక్కువ ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది. కానీ అడగాలి.

ఇంకో మెలిక. 2016లో రాష్ట్రం తెచ్చిన సవరణతో, పునరావాస ప్యాకేజీ బదులు ఒకేసారి కొంత మొత్తం ఇచ్చే వెసులుబాటు ప్రభుత్వానికి వచ్చింది. ఓనర్ ఇష్టపడి ఒప్పందం రాసిస్తే ఆ రేటుకే అవార్డు ఇచ్చేస్తారు. సంతకం పెట్టే ముందు కాగితం చదివించుకోండి.

కౌలు రైతుకు అసలు చిక్కు

బోధన్, కోటగిరి, రుద్రూర్ వైపు కౌలు చాలావరకు నోటి మాటే. పాస్‌బుక్ ఓనర్ పేరు మీద ఉంటుంది. ధరణి వచ్చాక రికార్డులో అనుభవదారు కాలమ్ కూడా పోయింది. వడ్లు కొనుగోలు కేంద్రంలో అమ్మినా ఓనర్ పాస్‌బుక్ మీదే అమ్ముతారు. మరి మూడేళ్లు దున్నింది నేనే అని చూపించేది ఎలా? ఎరువుల బిల్లులు, ట్రాక్టర్ కిరాయి రసీదులు, ఓనర్‌కు ఫోన్‌పేలో కౌలు పంపిన హిస్టరీ, చెరకు వేస్తే ఫ్యాక్టరీ ఇచ్చిన స్లిప్పులు.. ఇవన్నీ ఒక కవర్‌లో పెట్టుకోండి. కూలీలకు ఉపాధి హామీ జాబ్ కార్డు పనికొస్తుంది. కిరాయి షాపు వాళ్లకు ట్రేడ్ లైసెన్స్, కరెంటు బిల్లు, కిరాయి చిట్టీ.

ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ఇంటింటి సర్వే జరుగుతుంది. ఆ రోజు షట్టర్ మూసి ఉంటే లిస్టులో పేరు రాకపోవచ్చు. తర్వాత ముసాయిదా ప్యాకేజీ పెట్టి ప్రజాభిప్రాయ సేకరణ చేస్తారు. పేరు లేదని రాతపూర్వకంగా చెప్పడానికి అదే చోటు. అభ్యంతరాలకు మామూలు సేకరణలో 60 రోజులు, రైల్వే ప్రాజెక్టుల్లో 30 రోజులు, హైవేకు 21 రోజులే టైమ్. హైవే నోటిఫికేషన్ పేపర్లో వేస్తారు. చూడకపోతే 21 రోజులు ఇట్టే పోతాయి.

ఓనర్‌కు, కౌలుదారుకు పంపకంలో గొడవ వస్తే కలెక్టర్ దాన్ని భూసేకరణ అథారిటీకి పంపొచ్చు. రేటు సరిపోలేదనుకునే వాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. 2013 చట్టం కింద చెక్కు తీసుకునేటప్పుడు ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయాలి. రాయకుండా తీసుకుంటే తర్వాత పెంచమని అథారిటీకి వెళ్లే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించినప్పుడు మీరు అక్కడ ఉంటే గడువు ఆరు వారాలే. హైవే అయితే ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్లాలి.

తోపుడు బండ్లు, ఫుట్‌పాత్ వ్యాపారులది వేరే చట్టం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు లేకుండా లేపకూడదు. సామాను జప్తు చేస్తే కూరగాయలు, పండ్లలాంటివి అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. మున్సిపల్ రోడ్డు వెడల్పులో జాగా పోయేవాళ్లకు నగదు బదులు టీడీఆర్ ఇస్తామంటారు. దాన్ని ఎవరికైనా అమ్మితేనే డబ్బు. హైదరాబాద్‌లో బిల్డర్లు కొంటారు. నిజామాబాద్‌లో కొనేవాళ్లు ఉన్నారా అని ముందే వాకబు చేసుకోండి.

శక్కర్‌నగర్ నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తుంది. 2015 డిసెంబర్‌లో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కార్మికులకు ఈ ప్యాకేజీ రాదు. అది భూసేకరణ కాదు, లేఆఫ్. కార్మిక చట్టాల కింద తేల్చుకోవాల్సిన విషయం.

లిస్టులో పేరు లేకపోతే ముందు ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. లాయర్ ఖర్చు భరించలేని వాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.