బళ్లారి దాకా వచ్చిన వైద్యం

అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. రాయదుర్గం మాత్రం 1953 దాకా బళ్లారితోనే ఉండి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అనంతపురంలో కలిసింది. ముప్పై ఏళ్లు తిరగ్గానే రెండు జిల్లాల మధ్య పడిన రాష్ట్ర సరిహద్దు మరో రకంగా అడ్డుపడింది. 1985లో బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు మానసిక వైద్యాన్ని పల్లెలకు తీసుకుపోవడానికి ప్రయోగం మొదలుపెట్టింది బళ్లారి జిల్లాలోనే.

ఆ పద్ధతిలో ఆర్భాటమేమీ లేదు. పీహెచ్‌సీ డాక్టర్లకు కొన్నాళ్ల శిక్షణ ఇచ్చారు. ఇళ్లకు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు మూర్ఛనూ మతి చలించిన లక్షణాలనూ బుద్ధిమాంద్యాన్నీ గుర్తుపట్టడం నేర్పారు. నాలుగైదు రకాల చవక మందులు ఊరికి దగ్గర్లో దొరికేలా చూశారు. 1982 నాటి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టుకున్న లక్ష్యాల్లో ప్రజల భాగస్వామ్యమూ ఒకటి. బళ్లారి నమూనా ఆధారంగానే 1996లో నాలుగు జిల్లాల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైంది మెదక్. గుంతకల్లులో రైలెక్కితే బళ్లారి ఎంతో దూరం కాదు, అయినా ఆ వరసలో అనంతపురం లేదు.

మరి ఇక్కడివాళ్లు ఏం చేసేవారు? విశాఖ పిచ్చాసుపత్రి 1871 నాటిదే గానీ రాష్ట్రానికి ఆ కొసన ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రీ దగ్గరేం కాదు. పిల్లవాడు ఉలికిపడినా, మాట పడిపోయినా ముందు అంత్రం కట్టించడం, తర్వాత దర్గాకో గుడికో పోవడం, అక్కడా కుదరకపోతే ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరు రైలు. పాలిథిన్ కవర్లో నిమ్‌హాన్స్ ఫైలు, దాని మీద రబ్బరు బ్యాండు. రానూపోనూ రెండు రోజుల కూలి పోతుంది. మొక్కుబడికి పోయే కుటుంబాలను వెక్కిరించడం తేలిక. కానీ ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లేది అక్కడికే. వేలూరు సీఎంసీ 1957లో మానసిక వైద్య కేంద్రం తెరిచినప్పుడు రోగి పక్కనే కుటుంబాన్నీ ఉంచింది. చికిత్సలో ఇంటివాళ్లూ భాగమని ఆసుపత్రులు అంగీకరించడానికి అంతకాలం పట్టింది.

అనంతపురంలో ఈ కథ ఆసుపత్రి వైపు నుంచి కాక సంఘాల వైపు నుంచి నడిచింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికొచ్చి ఆర్డీటీ అనే సేవా సంస్థ పెట్టారు. బావులు, బడులు, ఇళ్లు అయ్యాక వికలాంగుల సంఘాలు పుట్టుకొచ్చాయి. బుద్ధిమాంద్యమున్న బిడ్డను లోపలి గదిలో దాచుకునే తల్లి నలుగురు ఆడవాళ్ల ముందు ఆ సంగతి చెప్పుకోగలిగిందంటే దాన్ని చిన్న మార్పనుకోను. డాక్టరు చీటీ రాయగలడు, ఆ సిగ్గును పోగొట్టలేడు. 2025లో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ఆగి ఆ సంస్థ ఇబ్బందిలో పడినప్పుడు జనం రోడ్డెక్కారు. జిల్లా దాన్ని తనదనుకుందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ప్రభుత్వం మాత్రం కుటుంబాల బాధను మొదట అప్పుల లెక్కగానే చూసింది. వేరుశనగ మీద వేరుశనగ ఎండిపోయి, బోరు మీద బోరు వట్టిపోయి, 1990ల చివరి నుంచి రైతుల ఆత్మహత్యలు పెరిగాయి. 2004లో 421వ జీవో వచ్చింది. కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి 50 వేల దాకా. విచారణకు ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారితో కమిటీ. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పాసు పుస్తకం చూపాల్సి వచ్చేది. పాసు పుస్తకం లేని కౌలు రైతు పెళ్లాం అక్కడే ఆగిపోయేది. నాన్న పురుగుమందు తాగడం కళ్లారా చూసిన పిల్లల్ని పలకరించడం ఆ కమిటీ పని కాదు. ఆ పని ఎవరికీ అప్పగించనే లేదు.

పిల్లలు సర్కారు కాగితాల్లోకి నిదానంగా ఎక్కారు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా చేసే పరీక్షల్లో ఎదుగుదల లోపాలను చేర్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ నేర్చుకోవడంలో ఇబ్బందులనూ గుర్తించింది. దాంతో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ మీద శాతం ఎంత పడుతుందన్నదే తల్లిదండ్రులకు పెద్ద బెంగ అయింది. 40 గానీ అంతకు మించి గానీ ఉంటేనే లెక్క. 2017 మానసిక ఆరోగ్య చట్టం చికిత్సను హక్కు చేసింది. 2022 అక్టోబరు 10న టెలిమానస్ ఫోన్ సేవ మొదలైంది, 14416కి ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు.

మంచిదే. కానీ ఆ నంబరుకు ఫోను చేయాల్సింది పెద్దవాళ్లు. అమ్మానాన్నలు బెంగళూరులో ఇటుకలు మోస్తుంటే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. రాత్రిళ్లు పక్క తడిపే మనవడికి అవ్వ కట్టేది అంత్రమే. పిల్లవాడిలో ఆ మార్పును ముందు పసిగట్టేది బడి అయ్యవారో అంగన్‌వాడీ టీచరో ఆశా కార్యకర్తో అయి ఉండాలి. బళ్లారిలో నేర్పింది ఇలాంటి వాళ్లకే. ఇప్పుడు వాళ్ల చేతుల్లో యాప్‌లు, రిజిస్టర్లు మాత్రం బోలెడున్నాయి.